వడ్లగింజంత కప్ప, గోడంత తిమింగలం

“ఓ కామారెడ్డి అల్లుడా, గోడకు ముక్కు రాస్తున్నవేంది? మీ దిక్కు అత్తగారింటి సున్నం గిట్ల వాసన చూసి పాస్ చేస్తరా?”

అంత ఉలిక్కిపడకు బాలకృష్ణా. పెండ్లయి నెల తిరగలేదు, అప్పుడే మా స్వాతి నిన్ను గోడకు అతికించింది. నువ్వు దేన్ని వెతుకుతున్నావో నాకు తెలుసు. కప్పను. ఈ బొమ్మ తిమింగలం పక్కన వడ్లగింజంత కప్ప ఉందని చెప్పి ఉంటుంది. రెండేళ్ల కింద ఎల్లారెడ్డిలో సగం జనం నీలాగే ముక్కులు రాశారు. ఆ జిడ్డుకే ఇక్కడ రంగు నల్లబడింది. రా, కూర్చో. ఇది నా టెంట్ హౌస్ కుర్చీయే. ఒక కాలు కుంటిది. పెండ్లి పెద్దలకు ఇవ్వను, అల్లుళ్ల కోసమే దాచి పెట్టుకుంటాను.

మీ మామ రామస్వామి వింటాడని బెదరకు. లోపల పిండి గిర్నీ నడుస్తోంది. ఆ చప్పుడులో ఆయనకు తన తుమ్ము కూడా వినబడదు. అయినా మా బావకూ నాకూ మాటలు లేవు. తిట్లు మాత్రం చాలా రోజులు బాగానే నడిచాయి.

ముందు ఈ గోడ చూడు. రోడ్డు పొడుగునా ఒకటే గోడ. మా బాపు కట్టించాడు. లోపల మాత్రం రెండిండ్లు. ఈ వైపు నాది, నా టెంటు సామాను షెడ్డు. ఆ వైపు మా అక్క గౌరవ్వది, అంటే నీ అత్తది. అక్క పెండ్లప్పుడు బాపు జాగాను చెరి సగం చేసి లోపల అడ్డగోడ పెట్టించాడు. రోడ్డు మీద నిలబడితే ఆ అడ్డగోడ ఎక్కడ ఉందో కనబడదు. ఈ ముక్క గుర్తుంచుకో. ఏడో తరగతి తప్పినవాడు చెప్తున్నాడని తేలిగ్గా తీసుకోకు.

మీ మామ మస్కట్‌లో ఏళ్లకేళ్లు సిమెంటు బస్తాలు మోసి, నడుం పట్టేసి తిరిగొచ్చాడు. వస్తూనే ఒక గిర్నీ మిషను కొన్నాడు. పిండి పడితే కూర్చున్నచోటే బతుకుతానని ఆయన లెక్క. కాని గిర్నీకి రోడ్డు మీదికి వాకిలి కావాలి. ఆయన వైపు ఇల్లూ, గేటూ పోగా మిగిలిన సందులో షట్టరు పట్టలేదు. దాంతో మిషను తాటిపత్రి పట్టా కింద తుప్పు పడుతూ ఉండిపోయింది. ఒకరోజు అడ్డగోడ మీదికి తల ఎత్తి చూసి, అటువైపు నా గుంజల షెడ్డు చల్లగా పడుకుని ఉండటం చూశాడు.

“నడిమి గోడ మా దాంట్లకు జరిగింది,” అన్నాడు.

“గోడకు కాళ్లున్నయా బావా? మస్కట్‌ల గోడలు నడుస్తయేమో, ఎల్లారెడ్డిల నడువయి.”

“గోడకు లేవు. గోడ పెట్టినోనికి ఉంటయి.”

పెద్దమనుషులు వచ్చారు. నా దగ్గర గట్టి సాక్ష్యం ఉంది. “బాపు అడుగులేసి కొలిచిండు. మా దిక్కు ఆయన ఏసిండు, అక్క దిక్కు నన్ను ఎయ్యమన్నడు. అటెన్నో ఇటన్నే. నా కాళ్లతోని కొలిచిన సాక్షిని నేను. ఇంకేం గావాలె?” అన్నాను. ఆ మాటకు పెద్దమనుషులు తలలూపారు. మీ మామ ఊపలేదు. టేపు తెప్పించమన్నాడు.

టేపు వచ్చింది. ఇక్కడే అసలు తమాషా.

“ఆ కొస ఆయన పట్టొద్దు. గుంజుతడు,” అన్నాడు మీ మామ.

“ఆయన పట్టొద్దు. వదులు చేస్తడు,” అన్నాను నేను.

చివరికి చెరో కొసా మేమే పట్టుకున్నాం. ఆయన గుంజాడని నేను గుంజాను. నేను గుంజానని ఆయన గుంజాడు. టేపు నడుమ తెగి, చెరో ముక్కతో ఇద్దరం వెనక్కి పడ్డాం. పెద్దమనుషులు తువ్వాళ్లు దులుపుకుని లేచారు. మళ్లీ మా గుమ్మం తొక్కలేదు.

ఆ సాయంత్రం అక్క అడ్డగోడ అవతల నిలబడి మాట్లాడింది. “గిర్నీ నడువకుంటే మళ్ల పోతడట్రా మస్కట్. వంగితే లేస్తలేడు, బస్తలెట్ల మోస్తడు?”

“పోనీ. ఒంటెలకు పిండి పట్టి బతుకుతడు,” అన్నాను.

మరుసటిరోజు నుంచి నాకు వచ్చే కూరగిన్నె ఆగిపోయింది.

తర్వాత సంగతి రెండువేల పన్నెండు జనవరిలో. బస్టాండు పక్కన ప్రేమ్‌సింగ్ చాయ్ హోటల్లో నేను ఈ మూల, మీ మామ ఆ మూల. ప్రేమ్‌సింగ్‌కు పేపరు గట్టిగా చదవడం అలవాటు. చాయ్ ఉడికేలోగా లోకం సంగతులన్నీ ఊదేస్తాడు.

“లోకంలనే అన్నిట్లకు శిన్న కప్పనట. ఏదో దీవిల దొరికిందట. వడ్లగింజంతట. దానికి సుత ఎన్నుపూస ఉందట. ఎన్నుపూస ఉన్న జీవాలల్ల గిదే శిన్నది. అన్నిట్లకు పెద్దది తిమింగలం. ఎనభై అయిదు అడుగులట,” అని చదివాడు.

మీ మామను చూశావు కదా. మనిషి నా భుజం దాకా రాడు, గొంతు మాత్రం కామారెడ్డి రైల్వే స్టేషన్ దాకా పోతుంది. నేనేమో ఇట్లా గుమ్మాలకు పట్టని మనిషిని. ఊరుకోబుద్ధి కాలేదు.

“అంత దూరం దీవికెందుకు పోయిండ్రు ప్రేమ్‌సింగూ? మస్కట్ ఇమానం దిగినప్పుడు తనిఖీ చేస్తే ఆడ్నే దొరుకు. గలగల అరుస్తది గూడ,” అన్నాను.

హోటల్ నవ్వింది. మీ మామ సాసర్ కింద పెట్టాడు.

“తిమింగలం గురించి సుత పూర్తిగ చదువు ప్రేమ్‌సింగూ. చాపలే తింటదా, తోడబుట్టినదాని జాగ సుత మింగుతదా? రాసిండ్రేమో చూడు.”

హోటల్ మళ్లీ నవ్వింది. ఆ నవ్వు వేరే. దాంట్లో నన్ను పొడిచే చప్పుడు ఉంది. ఆరోజు నుంచి ఆయన కప్ప, నేను తిమింగలం. ఆయన పోతుంటే నేను గొంతులో బెకబెకమనేవాడిని. నేను పోతుంటే ఆయన పక్కకు జరిగి, “తొవ్వ ఇయ్యుండ్రి, సముద్రం వస్తుంది,” అనేవాడు. ఒకసారి నా షెడ్డు తలుపు మీద బొగ్గుతో చేప బొమ్మ గీసి ఉంది. ఇంకోసారి ఆయన గేటుకు ఎవరో బతికున్న కప్పను డబ్బాలో పెట్టి వేలాడదీశారు. ఎవరో నాకు తెలుసు, అడగకు.

ఆ వారంలోనే స్వాతి వచ్చింది. అప్పుడు ఇక్కడి ప్రైవేటు బడిలో పంతులమ్మ. చేతిలో ఆ పేపరు ముక్క.

“మామా, పిల్లలకు తిమింగలం ఎంతుంటదో చెప్తే సమజయితలేదు. బర్రెంతనా అంటున్నరు. గోడ మీద నిజమంత గీసి చూపియ్యాలె. బడిల అంత గోడ లేదు. మన రోడ్డు గోడ కావాలె.”

“మీ నాయిన ఏమన్నడు?”

“ఒద్దన్నడు. తిమింగలాన్ని చూస్తేనే మంట లేస్తుందన్నడు.”

“అట్లయితే గీయి,” అన్నాను వెంటనే.

ఆ తర్వాత తెలిసింది, అదే పూట ఆ పిల్ల వాళ్ల నాయనకు, మామ ఒద్దన్నాడని చెప్పిందట. ఆయనా వెంటనే గీయమన్నాడట. నీ భార్య ఎట్లాంటిదో ఇప్పుడైనా తెలుసుకో.

గీయడం మొదలుపెట్టక ముందే మరో లొల్లి. తల ఎవరి వైపు, తోక ఎవరి వైపు?

“తల మా దిక్కే ఉండాలె,” అన్నాను.

“ఉండనీ,” అన్నాడు మీ మామ గేటులోంచి, నాతో కాదు, పక్కనున్న కరెంటు స్తంభంతో. “మింగే నోరు మింగెటోని దిక్కే ఉండాలె. తోక నాకియ్యుండ్రి. ఒకనాడు ఎత్తి కొడ్త.”

అట్లా తల నాకు, తోక ఆయనకు పంపకం జరిగింది. ఆస్తి పంపకం కంటే అదే తొందరగా తేలింది.

“గోడ కొంచెం పొట్టిగుంది మామా. గోడెంతుంటే అంతనే గీస్త. కాని నడిమి తెల్వాలె. అక్కన్నుంచి అటు సగం, ఇటు సగం గీసుకుంట పోతె వంకర పోదు. టేపు తెస్తే మీరిద్దరు మళ్ల గుంజుకుంటరు,” అంది స్వాతి.

నాకు నవ్వొచ్చింది. టెంటు వాడికి టేపు ఎందుకు? షామియానా నడిమి గుంజ ఎక్కడ పాతాలో మేం తాడుతోనే చూసుకుంటాం. ఈ కొస నుంచి ఆ కొస దాకా తాడు పరిచి, దాన్ని రెండుగా మడిస్తే మడత పడ్డచోటే నడిమి. షెడ్డులోంచి నా తాడు తెచ్చాను. ఆ కొస బడిపిల్లలు పట్టారు. మీ మామ గేటులో నిలబడి కన్నార్పకుండా చూశాడు. వదులు లేదు, గుంజుడు లేదు. తాడు మడిచి, మడత పడ్డచోట నా వేలితోనే ఎర్రటి జాజు బొట్టు పెట్టాను. అప్పుడు నా దృష్టి నడిమి మీద లేదు. నా మనసులో వేరే మతలబు తిరుగుతోంది.

స్వాతిని పక్కకు పిలిచాను. “బిడ్డా, తిమింగలం గీయి. కప్పను మాత్రం గీయకు. కప్ప ఉందని అందరికి చెప్తం. ఏడుందంటే మీ నాయిన గేటు కాడ అంటం. లేనిదాన్ని వెతుకనీ ఊరందర్ని.”

ఆ పిల్ల కాసేపు ఆలోచించింది. “నువ్వెట్లంటే అట్లనే మామా,” అంది. ఇంత మంచి మేనకోడలు ఎవరికుంటుందని మురిసిపోయాను.

బొమ్మ అయిపోయింది. నీలం తిమింగలం, నా గుమ్మం దగ్గర కన్ను, ఆయన వైపు చివర తోక. జనం రావడం మొదలుపెట్టారు. భిక్నూర్ నుంచి పెండ్లి టెంటు మాట్లాడుకునేందుకు వచ్చినవాళ్లను కూడా నేను వదల్లేదు. “తిమింగలం సరే, కప్పను చూసిండ్రా? ఆ గేటు కాడ ఉంది. శిన్నది, ముక్కు ఆనిచ్చి చూడాలె,” అనేవాడిని. పొద్దున లేస్తే మీ మామ గేటు పక్కన నలుగురు గోడను వాసన చూస్తూ ఉండేవారు. పిట్లం నుంచి వచ్చిన ఒకాయన అద్దం తెచ్చి మరీ వెతికాడు. మీ అత్త వాకిలి ఊడ్వలేకపోయింది. మీ మామ మొదట కసిరాడు, తర్వాత బకెట్టుతో నీళ్లు చల్లాడు. ఒకసారి ఆ నీళ్లు సరిగ్గా నా మీదే పడ్డాయి.

“సముద్రపు జీవం గద, ఎండితే చస్తదని పోసిన,” అన్నాడు కరెంటు స్తంభంతో.

తడిసినా నాకు కోపం రాలేదు. ఊరంతటినీ ఒక్క అబద్ధంతో వంచి గోడకు ఆనించాను, అది చాలు అనుకున్నాను. అవతల ఆయన మళ్లీ పాస్‌పోర్టు తీసి, మస్కట్ పోవడానికి ఏజెంటుతో మాట్లాడుతున్నాడని తెలిసింది. తెలిసినా నేను బెకబెకమనడం ఆపలేదు.

ఒక పూట స్వాతి బడిపిల్లలందరినీ తోలుకొచ్చి గోడ ముందు నిలబెట్టింది. నేను కుర్చీ వేసుకుని కూర్చున్నాను. అక్క గేటు దగ్గరకు వచ్చింది. ప్రేమ్‌సింగ్ కూడా చాయ్ కేటిల్ పట్టుకునే వచ్చాడు.

“తిమింగలాలు ఎన్ని గీసిన?” అని అడిగింది స్వాతి.

“ఒకటి,” అన్నారు పిల్లలు.

“కప్పలు?”

“ఒకటి.”

“లెక్క సమానమే. మరి రెండు సమానమేనా?”

పిల్లలు పడిపడి నవ్వారు. వాళ్లకంటే గట్టిగా నేనే నవ్వాను.

“ఇప్పుడు కప్ప ఏడుందో చూడుండ్రి.”

పిల్లలు నేను నేర్పినట్టే మీ మామ గేటు వైపు ఉరికారు. స్వాతి వాళ్లను ఆపింది. “ఆడ లేదు. తిమింగలం నడిమిట్ల చూడుండ్రి. మామ పెట్టిన జాజు బొట్టుల.”

నేను కుర్చీలోంచి లేచాను. వెళ్లి చూస్తే ఎర్రటి బొట్టులో నల్లగా, వడ్లగింజంత, నాలుగు కాళ్లతో కప్ప. నిజంగానే గీసింది. రోజూ నేను దాని ముందునుంచే పోయి, అందరినీ అటు పంపుతున్నాను.

“నా ఆట చెడగొట్టినవు గద పోరీ,” అన్నాను.

“మామా, ఈ నడిమి ఎవరు పెట్టిండ్రు?”

“నేనే.”

“తప్పు పోయి ఉంటదా?”

ఇంతమంది ముందు నా పనితనాన్ని అడుగుతుందా అని నాకు రోషం వచ్చింది. “ఎన్ని పెండ్లి పందిళ్లు నిలబెట్టిన తాడది? వెంట్రుకంత తప్పు పోదు. గోడకు నడిమి అదే. కావాలంటే రాసిస్త.”

“రాసుడెందుకు మామా,” అని వాళ్ల నాయనకు సైగ చేసింది. మీ మామ లోపలి నుంచి గిర్నీ బిగించడానికి కొన్న డ్రిల్లు మిషను తెచ్చాడు. కప్ప ఉన్నచోట బెజ్జం వేశాడు. ఇటుక దుమ్ము అంతా నా అంగీ మీదికే ఎగిరింది.

“ఇప్పుడు లోపలికి పోయి చూడు. బెజ్జం ఎవరింట్ల తేలిందో,” అంది స్వాతి.

ముందు అక్క వాకిట్లోకి పోయాను. రెండేళ్ల తర్వాత ఆ గేటు దాటడం అదే. గోడంతా తడిమాను. బెజ్జం లేదు. తిరిగి నా షెడ్డులోకి వచ్చాను. గుంజల వెనకాల చీకటిగా ఉంటుంది. ఆ చీకట్లో, మడత పెట్టిన షామియానా గుడ్డ మీద, కప్పంత వెలుగు పడి ఉంది. అడ్డగోడ అక్కడికి చాలా దూరం. ఆ నడుమ ఒక షట్టరు నిక్షేపంగా పడుతుంది.

బయటికి వచ్చి, “డ్రిల్లు వంకర పోయింది,” అన్నాను.

స్వాతి నెమ్మదిగా అడిగింది. “అడుగులు ఎవరెవరు ఏసిండ్రు మామా?”

“ఎన్నిసార్లు చెప్పాలె? మీ దిక్కు నేను, మా దిక్కు బాపు. లెక్క ఒక్కటే.”

“అమ్మ పెండ్లప్పుడు గద. అప్పుడు నీకెన్నేండ్లు?”

నేను అంగీ మీది ఇటుక దుమ్ము దులుపుకున్నాను. అక్క గేటు పట్టుకుని చెప్పింది. “ఎన్నేండ్లేంది, లాగు జారిపోతుంటే ఒక చేత్తోని పట్టుకొని నడిచిండు. బాపు ఆరడుగుల మనిషి.”

పిల్లల్లోంచి ఎవరో, “టీచర్, కప్ప అడుగులు, తిమింగలం అడుగులు,” అన్నారు. ప్రేమ్‌సింగ్ నవ్వు ఆపుకోలేక చాయ్ ఒలకబోశాడు.

అయితే ఏమనుకున్నావు, అక్కడికక్కడ ఒప్పుకున్నానా? నేనా? నేను రెండు చేతులూ ఎత్తి, “మా అక్కకు తమ్ముని కానుక. ఆ జాగ దానం ఇస్తున్న,” అన్నాను. అదే వారం గుంజలన్నీ తీసి, అడ్డగోడ పగలగొట్టి ఇటు జరిపించాను. కప్ప ఉన్నచోటే గోడ కోసి షట్టరు పెట్టారు. గిర్నీ నడిచింది. ఏజెంటు రెండుసార్లు వచ్చి పిండి పట్టించుకుని పోయాడు. ఊళ్లో ఈనాటికీ అందరూ నన్ను దాతనే అంటారు, ఎందుకంటే అందరికీ ఆ మాట నేనే చెప్పాను.

మీ మామ మాత్రం అక్కతో తెగేసి చెప్పాడు. “దానం ఒద్దు. అది గౌరవ్వ సగం అని ఆని నోటితోని అనాలె. అన్ననాడు మాట్లాడ్త.” నీ పెండ్లిలో పందిరి నాదే కదా. ఆయన నా ఎదురుగా నిలబడి కూడా, గుంజ వంకర ఉందని గుంజకే చెప్పాడు తప్ప నాకు చెప్పలేదు.

నువ్వు ఇంటి మనిషివి కాబట్టి నీకు చెప్తున్నాను. అది దానం కాదు. మా అక్క సగమే, మొదటినుంచీ. నా పొట్టి కాళ్లు మింగిన జాగా. కాని చచ్చినా ఈ మాట మీ మామ చెవిన పడనివ్వను.

అందుకే చెప్తున్నా, వెతకకు. కప్ప ఆ షట్టరు కోసినప్పుడే ఇటుకలతో పోయింది. ఆ సంగతి స్వాతికి నాకంటే బాగా తెలుసు.

మరి తెలిసి నిన్నెందుకు పంపింది?

నవ్వుతావేం?

“బాలకృష్ణా, గిర్నీ చప్పుడు ఎప్పుడాగింది?”